మల్లేశ్వరి చేత పెట్టించిన దీపం

నాగమల్లేశ్వరి గొంతెత్తితే బ్యారేజీ గేట్లు వాటంతట అవే లేస్తాయని భవానీపురంలో ఒక మాట ఉంది. మరీ అంత కాదు గానీ, బెంజ్ సర్కిల్ పక్క సందులో ఆమె ఒక్క కేక వేస్తే సిగ్నల్ దగ్గర ఆగిన లారీ డ్రైవరు క్లీనరుని దింపి చేప తెమ్మన్నాడన్నది మాత్రం నిజం. కళ్ళారా చూసినవాళ్ళున్నారు. చూడనివాళ్ళు ఇంకా ఎక్కువమంది ఉన్నారు, చెప్పేటప్పుడు వాళ్ళే బాగా చెబుతారు.

ఆమె కొట్టుకి బోర్డు ఉంది. నీలం రంగు మీద తెల్లటి అక్షరాలతో "సుధామణి చేపల కొట్టు" అని. కొత్తగా వచ్చినవాళ్ళు ఆమె పేరే అదనుకుని "సుధామణి గారూ, కొర్రమీను ఉందాండీ" అంటారు. ఆమె దిద్దదు, పలుకుతుంది. ఆ పేరు గల పిల్ల చచ్చిపోయి తొమ్మిదేళ్ళు కావొస్తోంది. ఎవరు చంపారో పోలీసులకి తెలియదు. మల్లేశ్వరికి తెలుసు. ఆ తెలిసింది పదిమందిలో అనిపించడానికి ఆమె తన చదువూ, పెళ్ళీ, నిద్రా ఎలా తగలేసుకుందో భవానీపురంలో ఏ అరుగు మీద కూర్చున్నా చెబుతారు.

భవానీపురంలో ఏటి ఒడ్డునే వలల వీధి ఉంది. సగం ఇళ్ళది ఒకే ఇంటిపేరు. ఆ సగానికీ మిగతా సగానికీ కూడా పెద్ద కొండలయ్య. ఆయన దగ్గితే వీధిలో కుక్కలు మొరగడం ఆపేవి. వరదకి భయపడడు, పోలీసుకి భయపడడు, కట్టుకున్నదానికి అసలే భయపడడు. ఏటి ఆచారం దగ్గర మాత్రం పిల్లిలా ఉండేవాడు. రేవులో ఒక మెట్టు మీద పసుపు పూసిన రాయి ఉంది, అదే గంగమ్మ. పొద్దున్నే ఆ రాయి ముందు దీపం వెలిగితేనే పడవలు కదిలేది. ఆ దీపం పెట్టే చెయ్యి కొండలయ్యది. ఆయన ఊళ్ళో లేకపోతే ఆయన అన్న వెంకటప్పయ్యది. ఆడవాళ్ళు ఆ మెట్టు దాకా కూడా వెళ్ళకూడదు.

వెంకటప్పయ్య నోట్లో నాలుక లేని మనిషి. తమ్ముడు "కూర్చో అన్నయ్యా" అంటే కూర్చుంటాడు, "లే" అంటే లేస్తాడు. ఆయన ఒక్కగానొక్క కూతురు సుధామణి.

ఎదురింటి సన్యాసమ్మ కూతురు మల్లేశ్వరి. సన్యాసమ్మకి మొగుడు లేడు. కొండలయ్య పడవలో పడ్డ చేపలు గంపకెత్తుకుని ఊరంతా తిరిగి అమ్మేది. ఈ పిల్లలిద్దరూ పుట్టినప్పటి నుంచీ ఒకటే. ఒకే జడని రెండుగా చీల్చి ఇద్దరికీ అల్లారా అన్నట్టుండేవాళ్ళు. ఇంటర్మీడియెట్‌లో చేరాక ఒక పిచ్చి పట్టింది. చెప్పులు చెరొకటి మార్చుకున్నారు. ఒకదాని కుడికాలికి ఎర్ర చెప్పు, ఎడమకాలికి నల్ల చెప్పు. రెండోదానికి అటుదిటు. కాలేజీలో అందరూ నవ్వితే, నవ్వినవాళ్ళనే పైనుంచి కిందికి చూసి పోయేవాళ్ళు.

ఆ స్నేహంలోకి గణేష్ వచ్చాడు. బెంజ్ సర్కిల్లో క్యాసెట్ల షాపులో పనిచేసేవాడు, కులం వేరు. సుధామణి ఒక క్యాసెట్ కోసం వెళ్ళి పది క్యాసెట్లకి సరిపడా మాటలు మోసుకొచ్చింది. మల్లేశ్వరికి ఒళ్ళు మండింది. "వాడికి నా చెప్పు కూడా ఇచ్చెయ్యి, సరిపోతుంది" అని మాట్లాడ్డం మానేసింది. ఎదురెదురు ఇళ్ళలో ఉండి, ఒకే రిక్షాలో కాలేజీకి వెళుతూ, మొహాలు చెరోవైపు పెట్టుకుని కూర్చునేవాళ్ళు. రిక్షావాడికే ఏడుపొచ్చేదట.

అది 1998 వానాకాలం. ఒక సాయంత్రం బయటికి వెళ్ళిన సుధామణి ఇంటికి రాలేదు.

తెల్లారేసరికి వీధి తీర్పు చెప్పేసింది, లేచిపోయిందని. ఎవరితో అంటే నాలుగు పేర్లు చెప్పారు. అందులో ఒకడు అప్పటికే పెళ్ళయి ముగ్గురు పిల్లలున్నవాడు, పాపం ఆరోజు వాడికి ఇంట్లో అన్నం పెట్టలేదు.

ఆ పొద్దున మల్లేశ్వరి గంప పట్టుకుని రేవుకెళ్ళింది. కొండలయ్య ఇంటిపేరు వాళ్ళ పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి. పిల్ల కనబడకపోతే వేట ఏమిటి, అది ఎవరికైనా అర్థమయ్యేదే. రాయి దగ్గర వెంకటప్పయ్య అగ్గిపెట్టె పట్టుకుని కళ్ళనీళ్ళతో నిలబడి ఉన్నాడు. పక్కన కొండలయ్య. మిగతా పడవలవాళ్ళు ఇంకా దిగలేదు. మల్లేశ్వరిని చూడగానే అన్న చేతిలోంచి అగ్గిపెట్టె లాక్కుని ఆమె చేతిలో పెట్టాడు.

"నువ్వు పెట్టమ్మా మల్లీ. మా చెయ్యి ఇవాళ మంచిది కాదు" అన్నాడు.

వీధి పుట్టిన దగ్గర్నుంచి ఏ ఆడదానికీ దక్కని మర్యాద. మల్లేశ్వరి ఎందుకని అడగలేదు, ఛాతీ గజం ముందుకొచ్చింది. వంగి దీపం వెలిగించి, "దాన్ని తొందరగా ఇంటికి తీసుకురా తల్లీ. రాగానే రెండు తగిలిస్తాను, ఆ తర్వాత మాట్లాడతాను" అని దణ్ణం పెట్టుకుంది.

గంగమ్మ తీసుకొచ్చింది. మర్నాడు బ్యారేజీ ఎగువన గుర్రపుడెక్కలో పక్క వీధివాళ్ళ పడవకి సుధామణి తగిలింది. ఏట్లో పడి పోలేదని, ఎవరో గొంతు నులిమి ఏట్లో వేశారని డాక్టర్లు తేల్చారు. ఒక కాలికే చెప్పు మిగిలింది. అది మల్లేశ్వరి చెప్పు.

పోలీసులు ముందు గణేష్‌ని పట్టుకెళ్ళి, వీపు వాయగొట్టారు. ఆ సాయంత్రమంతా షాపులోనే ఉన్నాడని ఓనరూ, కొనడానికొచ్చినవాళ్ళూ చెబితే వదిలేశారు. తర్వాత చెప్పు సంగతి తెలిసి మల్లేశ్వరిని పిలిచి అడిగిందే అడిగారు. మాటల్లేవంట కదా, కుళ్ళంట కదా అని. ఆమె ఇంటికొచ్చేసరికి వీధి రెండో తీర్పు కూడా చెప్పేసింది. మల్లేశ్వరే తోసేసిందట. తోస్తుంటే చూశామన్నవాళ్ళు కూడా తయారయ్యారు, వాళ్ళలో ఒకావిడకి పగలే కళ్ళు కనబడవు.

మల్లేశ్వరి ఏడవలేదు. కాలేజీ మానేసి తల్లి గంప నెత్తికెత్తుకుంది. అమ్మకానికి కాదు, బెంజ్ సర్కిల్లో గణేష్ షాపు ఎదురుగా నిలబడడానికి. వాడే చంపాడని ఆమె లెక్క. ఎండ లేదు, వాన లేదు, నెలల తరబడి వాడి మొహం మీంచి చూపు తిప్పకుండా నిలబడింది. గంపలో చేపలు కుళ్ళి ఆ వాసనకి షాపులో బేరాలు పడిపోయాయంటారు. కాళ్ళకి మాత్రం ఎర్రదొకటి, నల్లదొకటి అవే చెప్పులు. అరిగిపోతే అలాంటివే వెతికి కొనుక్కునేది.

చివరికి గణేషే రోడ్డు దాటి వచ్చాడు.

"మీరిలా నిలబడితే మా ఓనరు నన్ను తీసేస్తాడండీ."

"తియ్యనీ. నువ్వేగా చంపింది."

"నేను చంపలేదండీ. ఆ సాయంత్రం వస్తానంది. ముందు బాబాయితో చెప్పి వస్తాను, ఆయన ఊ అంటే నాన్న ఊ అన్నట్టే అంది. రాలేదు."

"పోలీసులకి చెప్పావా?"

"చెప్పానండీ. ఆ పిల్ల నా దగ్గరికే రాలేదన్నాడంట వాళ్ళ బాబాయి. ఆయన మాట కాయితం మీద రాసుకున్నారు. నా మాట నా వీపు మీద రాశారు."

మల్లేశ్వరి సగం నమ్మింది. మిగతా సగం వీధిలో ఒక ముసలావిడ పోయాక నమ్మింది.

పోయినావిడ కొండలయ్యకి పెద్దమ్మ వరస, అదే ఇంటిపేరు. కోడి కూసేలోపు పోయింది. తెల్లవారి మల్లేశ్వరి గంపతో రేవులోకి దిగేసరికి ఆ ఇంటిపేరు పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి. రాయి దగ్గర కొండలయ్య, వేరే ఇంటిపేరు పడవవాణ్ణి పిలిచి అగ్గిపెట్టె ఇస్తున్నాడు.

"నువ్వు పెట్టరా. మా చెయ్యి ఇవాళ మంచిది కాదు."

మల్లేశ్వరి నెత్తిమీద గంప నెత్తిమీదే ఉండిపోయింది. ఆ ఇంటిపేరులో ఎవరు పోయినా పెద్దకర్మ అయ్యేదాకా అందరికీ మైల. మైలలో వల ముట్టకూడదు, పడవెక్కకూడదు, గంగమ్మకి దీపం పెట్టకూడదు. అందుకే వేరే ఇంటిపేరు చెయ్యి కావాలి. ఇది వీధిలో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. కొండలయ్య తాత మైల దాచిపెట్టి వేటకెళితే ఏరు నిలువునా చీలి, పడవని మింగి, వలని మాత్రం ఒడ్డుకి ఉమ్మేసిందని చెప్పుకుంటారు. కొండలయ్య ఆ కథ వింటూ పెరిగినవాడు.

మరి ఆ పొద్దున ఎవరు పోయారని మైల పట్టాడు? అప్పటికి సుధామణి లేచిపోయిందని కదా లోకమంతా అనుకుంటోంది. కనబడని పిల్ల కోసం దీపం ఒకటికి రెండు పెడతారు గానీ, పెట్టడం మానేస్తారా? పోయిందని తెలిసినవాడే మానేస్తాడు. పోలీసుకి అబద్ధం చెప్పగలిగినవాడు గంగమ్మకి చెప్పలేకపోయాడు. తమ చెయ్యి పనికిరాదని మల్లేశ్వరి చేత పెట్టించాడు. సుధామణిని తీసుకురమ్మని మొక్కుతూ తను వెలిగించింది సుధామణి చావు దీపమని మల్లేశ్వరికి అప్పుడు తెలిసింది. గంప దింపి, ఏట్లో మొహం కడుక్కుని, తడి మొహంతోనే స్టేషన్‌కి నడిచింది.

ఎస్సై చెడ్డవాడు కాదు. టీ తెప్పించాడు, చివరిదాకా విన్నాడు. విని, "దీపం పెట్టలేదని మనిషిని లోపలెయ్యమంటావా తల్లీ? రేపు కోర్టులో గంగమ్మని బోనెక్కించగలవా? నడుం నొప్పి వంగలేకపోయానంటాడు, అయిపోయింది. చూసినవాళ్ళెవరైనా ఉంటే తీసుకురా" అన్నాడు. సరిగ్గా అదే అన్నాడు కొండలయ్య. ఎస్సై పిలిచి అడిగితే నడుం పట్టేసిందని చెప్పి, చెయ్యి నడుం మీద పెట్టుకుని మరీ ఇంటికొచ్చాడు.

ఆ మర్నాటి నుంచీ సన్యాసమ్మ గంపలో చేప పడలేదు. కొండలయ్య అరవలేదు, తిట్టలేదు. పడవలవాళ్ళ వైపు ఒక చూపు చూశాడు. అంతే, తల్లీకూతుళ్ళని వీధి వెలేసింది. పలకరిస్తే నోరు పడిపోతుందన్నట్టు తప్పుకుపోయేవాళ్ళు. సన్యాసమ్మ కూతుర్ని చీపురు పుల్లలూడిపోయేదాకా కొట్టింది. కొట్టి, తెల్లవారకుండానే లేచి గొల్లపూడి దాటి పై రేవుకి నడిచి చేపలు తెచ్చింది. దారిలో ఎవరో జాలిపడితే, "నా కూతురు అబద్ధమాడిందని తెలిస్తే నేనే ఏట్లో తోసేదాన్ని. ఆడలేదు. అందుకే నడుస్తున్నాను, నా కాళ్ళు నావి" అంది.

ఇక మల్లేశ్వరి కొండలయ్యకి నీడయింది. ఆయన టీ తాగే బడ్డీ ఎదురుగా కూర్చునేది. ఆయన గెడ్డం గీయించుకుంటుంటే మంగలి అద్దంలో ఈమె మొహం కనబడేది. రేషన్ క్యూలో వెనకే, పెళ్ళి భోజనాల్లో ఎదురు వరసలోనే. పిలవని పెళ్ళికి కూడా వెళ్ళేది. తిట్టేది కాదు, శాపనార్థాలు పెట్టేది కాదు. ఒక్కటే అడిగేది.

"మావయ్యా, ఆ పొద్దున మీ ఇంట్లో ఎవరు పోయారు?"

ఆయన తల తిప్పుకుని నడిచిపోయేవాడు. వీధి పిల్లలకి ఆ మాట నోటికొచ్చేసి గోళీలాడుతూ పాడేవాళ్ళు, ఇళ్ళకెళ్ళి దెబ్బలు తినేవాళ్ళు. మల్లేశ్వరిని చూసుకోవడానికి కైకలూరు నుంచి ఒక కుర్రాడొచ్చాడు. పిల్లకి వంట వచ్చా అని వాళ్ళమ్మ అడిగితే, మల్లేశ్వరి ఈ కథంతా మొదట్నుంచీ చెప్పింది. వాళ్ళు కాఫీ గ్లాసులు ముట్టుకోకుండా బస్సెక్కారు. పిల్లకి పిచ్చని ఊరు మూడో తీర్పు చెప్పింది.

ఆమెకి మాత్రం అనుమానం రాలేదా అంటే, వచ్చింది. ఒక్కోరోజు ఏటి మెట్ల మీద కూర్చుని తనలో తనే వాదించుకునేది. నిజంగానే నడుం పట్టేసిందేమో. చెయ్యి మంచిది కాదన్నది ఊరికే అన్నాడేమో. స్నేహితురాలితో మాటలు మానేసిన పాపం తనదైతే, దాన్ని తెచ్చి ఈ ముసలాడి నెత్తిన పెడుతున్నానేమో. అలా అనిపించిన రోజున రెండు రంగుల చెప్పుల వైపు చూసుకుని లేచి, మళ్ళీ ఆయన టీ బడ్డీ దగ్గరికే వెళ్ళేది.

2004లో పుష్కరాలొచ్చాయి. భవానీపురం రేవుకి కొత్త మెట్లు పడ్డాయి. ఇసక వేస్తే రాలనంత జనం. రాష్ట్రమంతా అక్కడే ఉందంటే కొంచెం ఎక్కువే గానీ, సగముంది. వలల వీధివాళ్ళు గంగమ్మ రాయికి కొత్త చీర కట్టి, ఆ పొద్దున దీపం పెట్టి పసుపు కుంకాలు ఏట్లో కలపాలనుకున్నారు. పెట్టేది కొండలయ్యే. పట్టు కండువా వేసుకుని రాయి ముందు నిలబడ్డాడు. పక్కన వెంకటప్పయ్య అప్పుడే కూతురి పేరున పిండం పెట్టి తడిబట్టలతో ఉన్నాడు.

జనాన్ని తోసుకుంటూ మల్లేశ్వరి వచ్చింది. ఆడది ఆ మెట్టెక్కకూడదని ఎవరో చెయ్యి అడ్డం పెట్టారు.

"ఒకసారి ఎక్కించింది ఈయనేనండీ. అడగండి" అంది. చెయ్యి పక్కకి తప్పుకుంది.

ఆమె రాయి పక్కనున్న అగ్గిపెట్టె తీసి కొండలయ్య ముందుకి చాపింది.

"పెట్టు మావయ్యా. వద్దనేవాళ్ళెవరు. పెట్టేముందు ఒక్క మాట అమ్మతో చెప్పు. ఆ పొద్దున నాకు మైల లేదు తల్లీ అని చెప్పి, వెలిగించు. ఇంక జన్మలో నీ ఎదురుగా రాను. ఈ మెట్టు మీదే నీ కాళ్ళు పట్టుకుని పోతాను."

మైకులో తప్పిపోయిన పిల్లల పేర్లు చదివేవాడు కూడా ఆగాడంటారు. కొండలయ్య అగ్గిపెట్టె అందుకున్నాడు. పెదవులు కదిలాయి. రాయి వైపు చూశాడు, నీళ్ళ వైపు చూశాడు. పుల్ల తీశాడు, గీయలేదు.

"ఎన్నిసార్లు చెప్పాలి? ఆవేళ నడుం పట్టేసింది, వంగలేకపోయాను. ఈ పిచ్చిదాన్ని ఎవరైనా లాగండి" అన్నాడు.

లాగడానికి ఇద్దరు కదిలారు. అప్పుడు, జన్మలో తమ్ముడి మాటకి ఎదురాడని వెంకటప్పయ్య నోరు తెరిచాడు. గొంతు పెద్దది కాదు, కానీ ఆ నిశ్శబ్దంలో ఆఖరి మెట్టు దాకా వినబడింది.

"నడుం నొప్పి నీకు కదరా. మరి నన్నెందుకు ఆపావు?"

వెంకటప్పయ్య తన రెండు చేతులూ తమ్ముడి ముందు చాపాడు.

"నా పిల్ల రావాలని దీపం పెట్టబోయాను. నా చేతిలో అగ్గిపెట్టె లాగేసుకున్నావు. మా చెయ్యి మంచిది కాదని నన్ను కూడా కలిపేశావు. నా చెయ్యి ఎందుకు మంచిది కాదురా ఆవేళ?"

కొండలయ్య చేతిలో పుల్ల జారిపోయింది. ఎవరినీ చూడకుండా పట్టు కండువాతోనే మెట్లు దిగి, నీళ్ళలోకి వెళ్ళి, తల మునిగేదాకా మునిగాడు. మైల స్నానం చేసినట్టు మునిగి లేస్తూనే ఉన్నాడు. మల్లేశ్వరి వెంకటప్పయ్యని పట్టుకుని మెట్టు మీద కూర్చోబెట్టి, కొంగుతో ఆయన తల తుడిచింది. ఇన్నేళ్ళూ ఆయనకి ఆ ఒక్క సంగతీ తెలుసు. తెలిసి, తమ్ముడు కదా అని దాన్ని మనసులోకి రానివ్వలేదు. అడిగేవాళ్ళు లేకపోతే బహుశా దాంతోపాటే పోయేవాడు.

పోలీసులు మళ్ళీ వచ్చారు. మళ్ళీ రాసుకున్నారు. దీపం ఆపినందుకూ, ఏట్లో మునిగినందుకూ చట్టంలో శిక్ష లేదన్నారు. కేసు తేలలేదు, తేలదు కూడా. కానీ ఆ మర్నాడు కొండలయ్య పడవెక్కడానికి ఒక్కడూ రాలేదు. ఆయన టీ బడ్డీకొస్తే బెంచీ ఖాళీ అయ్యేది. వీధి నాలుగో తీర్పు చెప్పింది, మాకు మొదట్నుంచీ తెలుసని. మల్లేశ్వరిని పిచ్చిదన్న నోళ్ళే ఆమెకి పళ్ళెంలో చేపలు పెట్టి పంపాయి. ఆమె తీసుకోలేదు. పై రేవు చేపలే అమ్మింది, కొట్టు పెట్టింది, గణేష్ చేత బోర్డు రాయించింది. వాడికి ఇప్పుడు పెళ్ళాం, సొంతంగా సీడీల షాపు ఉన్నాయి. రంగు డబ్బా తనే తెచ్చుకుని, ఆ పేరు ఒక పూటంతా దిద్దాడు.

గంగమ్మ దీపం ఇప్పుడు మల్లేశ్వరే పెడుతోంది. ఎవరూ పెట్టమనలేదు, ఎవరూ వద్దనలేదు. పొద్దున్నే రెండు రంగుల చెప్పులు మెట్టు కింద విప్పి వెళ్ళి వెలిగిస్తుంది.

మొన్న వేసవిలో వీధి పెద్దలు నలుగురు ఆమె కొట్టుకొచ్చారు. చేప కొనే నెపంతో కాసేపు నిలబడి, అసలు సంగతి ఎత్తారు. కొండలయ్య మంచం పట్టాడు. ఎముకల గూడయ్యాడు. పోయేలోగా ఒక్కసారి తన చేత్తో గంగమ్మకి దీపం పెట్టుకుంటానని ఏడుస్తున్నాడు. మోసుకొచ్చి రేవులో కూర్చోబెడతాం, ఆ పూటకి నువ్వు పక్కకి తప్పుకో తల్లీ అన్నారు. పాత సంగతులు ఎన్నాళ్ళు మోస్తావు, చావబోయేవాడితో పంతమేమిటి అని కూడా అన్నారు.

మల్లేశ్వరి కత్తిపీట మీంచి లేవలేదు. చేప మొప్పలు తీస్తూనే చెప్పింది.

"తప్పుకోవడానికి నేనెప్పుడు అడ్డమున్నానండీ? రమ్మనండి. అగ్గిపెట్టె రాయి పక్కనే ఉంటుంది. ఆ ఒక్క మాటా అమ్మతో చెప్పుకుని వెలిగించుకోమనండి."

వాళ్ళు వెళ్ళి చెప్పారు. ఆయన రాలేదు. ఏటి గాలికి అగ్గిపెట్టె నాలుగురోజులకే చెమ్మ పట్టి పుల్లలు గీసుకోవు. మల్లేశ్వరి చెమ్మ పట్టింది తీసేసి, ఆయన కోసం కొత్తది పెట్టి వస్తుంది.